కొత్త డబ్బా, పాత చెవి

సూగప్ప పెరట్లో చేతులు కడుక్కొని వచ్చేసరికే లోపల పాట మొదలైపోయింది. ఎంత సబ్బు రుద్దినా వేళ్లకు వార్నిష్ వాసన పోలేదు, పోదని ముప్పై ఏళ్లుగా తెలిసినా రోజూ రుద్దడం మానలేదు, ఆ వాసనతోనే గుమ్మం పక్కనున్న స్టూలు మీద ఎవరికీ అడ్డం రాకుండా కూర్చున్నాడు. గదిలో మిగతా ముగ్గురూ కళ్లు మూసుకొని ఉన్నారు. ఎదురుగా బల్ల, బల్ల మీద రెండు స్పీకర్లు, వాటి మధ్య అరచేతిలో పట్టేంత అల్యూమినియం డబ్బా. కంప్యూటర్లో అంకెలుగా పడున్న పాటను మనిషి చెవికెక్కే పాటగా మార్చేది అదేనట. దానికి కరెంటు ఇచ్చే సామానంతా బల్ల వెనక నేల మీద ఉంది, స్టూలు మీంచి కనబడదు. ధర్మతేజ కుర్చీ అంచున, పరీక్ష రాసే పిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. వాళ్ల నాన్న చెన్నకేశవరావు పడక్కుర్చీలో వాలాడు. తేజ భార్య భావన కింద చాప మీద గోడకు ఆనుకుంది. పాట బాగా వినబడాలని ఫ్యాను ఆపారు, కిటికీలు మూశారు, ఆషాఢ మాసం మధ్యాహ్నం మూడు గంటల ఉక్కకు నలుగురికీ చెమటలు కారుతున్నాయి, అయినా ఎవరూ కదలడం లేదు.

ఇదంతా ఒక నల్ల అడాప్టరు మీద తేజకు పుట్టిన అనుమానంతో మొదలైంది. బెంగుళూరు ఉద్యోగం ఇంటి నుంచే చేసుకోవచ్చన్నప్పటి నుంచి అతను జవళగేర పక్కన, ఆంధ్ర నుంచి వలసొచ్చిన రైతులు కట్టుకున్న ఈ క్యాంపులోనే, నాన్న వరి పొలాల మధ్యనే ఉంటున్నాడు. సాయంత్రమైతే పాటలు, పాటల డబ్బాలు, ఆ డబ్బాల గురించి ఫోన్లో ఊరూపేరూ తెలియనివాళ్లతో వాదనలు. వాళ్లలో ఎవరో చెప్పారట, ఫోను చార్జరు లాంటి ఆ అడాప్టరు కరెంటును సెకనుకు వేల ముక్కలుగా తరిగి పంపుతుందనీ, ఆ తరిగే రొద పాటలోకి ఎక్కుతుందనీ, దాన్ని తీసేసి లీనియర్ పవర్ సప్లై పెట్టుకుంటే, అంటే పాతకాలం పద్ధతిలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డబ్బా పెట్టుకుంటే, పాట మీది దుమ్మంతా పోతుందనీ. ట్రాన్స్‌ఫార్మర్ అనగానే తేజకు సూగప్ప గుర్తొచ్చాడు. కాలిపోయిన నీళ్ల మోటార్లకు తీగ చుట్టేవాడు ఈ చుట్టుపక్కల సూగప్పే. "పాటకు మోటరెందుకు తేజప్పా?" అని నవ్వాడు కానీ, పని మీద మనసు పడింది. దుకాణం మూలన పడున్న పాత స్టెబిలైజరు విప్పి, ఇనుప ప్లేట్లు తీసి తుప్పు గీకి, చేతి మిషను మీద తొమ్మిది వందల చుట్లు ఒక్కటి తప్పకుండా చుట్టి, ప్లేట్లు ఒకటి ఇటూ ఒకటి అటూ దూర్చి, వార్నిష్‌లో ముంచి రేకు మీద ఎండబెట్టాడు. ఇంకా ఒకరోజు ఎండాలి. కానీ తేజ ఫోను మీద ఫోను, ఈవేళే కావాలని. సరేనని బోల్టులు బిగించి పట్టుకొచ్చాడు. డబ్బాకు ఎర్రదీపం పెడతానంటే తేజ వద్దన్నాడు, దీపం కూడా రొద చేస్తుందని ఎవరో అన్నారట. అడాప్టరును, కొత్త డబ్బాను మార్చి మార్చి వేసుకోవడానికి, పంపుసెట్ల షెడ్డుల్లో ఉండే చేంజోవర్ హ్యాండిలు చిన్నది ఒకటి కూడా బిగించాడు. దాంతో ఒకటి బతికితే రెండోది పూర్తిగా చచ్చినట్టే, రెండు కరెంట్లూ ఎన్నడూ కలవవు.

ముందు అడాప్టరును మామూలుగా గోడకే పెట్టి ఒక పాట వినిపించాడు తేజ. ఆడమనిషి గొంతు, వెనక వయొలిన్, ఆ వెనక తంబూర. పాట అయ్యాక సూగప్ప వైర్లన్నీ హ్యాండిలుకు కలిపి, ఇక మీదే ఆలస్యం అని చెప్పి పెరట్లోకి వెళ్లాడు. ఇప్పుడు నడుస్తున్నది అదే పాట, కొత్త డబ్బాతో. సూగప్ప విన్నాడు. తల కాస్త పక్కకు తిప్పి, మంచి చెవి అనుకున్న కుడిచెవి స్పీకర్ల వైపు పెట్టి విన్నాడు. అదే గొంతు, అదే వయొలిన్, రెండో చరణం ముందు ఆ తల్లి ఊపిరి తీసుకున్న చప్పుడూ అదే. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎలా ఉంది నాన్నా?" పాట ఆగగానే తేజ అడిగాడు.

"అబ్బో, బాగా తేడా ఉందిరా," చెన్నకేశవరావు కళ్లు తెరిచాడు. "ఇందాక ఆవిడ గోడకు అవతల కూర్చుని పాడినట్టుంది. ఇప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది."

"ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది మావయ్య గారూ," అంది భావన.

"వెనకాల గమనించారా, ఎంత నల్లగా ఉందో! నిశ్శబ్దం అలా నల్లగా ఉండాలి. లీనియర్ అంటే అదీ!" తేజ సంతోషం పట్టలేకపోతున్నాడు. "మేస్త్రి గారూ, మీ చెయ్యి బంగారమండీ. విన్నారుగా?"

సూగప్ప తల ఊపాడు. ఊపాక గానీ అది అబద్ధమని తోచలేదు. తేజ ఇంకో పాట పెట్టాడు, మళ్లీ అందరూ కళ్లు మూసుకున్నారు, సూగప్ప కూడా మూసుకున్నాడు, అందరితో పాటు వినడానికి కాదు, మొహం దాచుకోవడానికి. తాను రావ్ సాబ్ అని పిలిచే అరవై ఆరేళ్ల చెన్నకేశవరావుకు వినబడింది. నిన్నగాక మొన్న ఈ ఇంటికొచ్చిన పిల్లకు వినబడింది. యాభై ఎనిమిదేళ్ల తనకు, తీగ తీగగా తన చేత్తో చుట్టిన డబ్బా చేసే మేలు తనకే వినబడలేదు. అయిపోయింది. నెల రోజులుగా ఏ మాట మనసులో అనుకోవడానికి కూడా భయపడ్డాడో ఆ మాట ఇప్పుడు తనంతట తానే వచ్చి కూర్చుంది. చెవులు పోయాయి.

చెవులు పోతే సూగప్పకు ఏం మిగులుతుంది? తీగ చుట్టడం వేళ్ల పని, ఓపికుంటే ఎవడైనా నేర్చుకుంటాడు. తిరుగుతున్న మోటారు ముందు కూర్చొని దాని రోగం చెప్పడం చెవి పని, అది అందరికీ రాదు. స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనించుకుంటే చాలు, లోపల బేరింగులో ఏ గుండు అరిగిందో, గ్రీజు ఎండిందో, ఇసుక పడిందో చెప్పేవాడు. ఈ విద్య రాయచూరు స్టేషన్ రోడ్డులో ఖాసిం సాబ్ దగ్గర నేర్చుకున్నాడు, కల్లూరు నుంచి రోజూ సైకిలు తొక్కిన రోజుల్లో. "ఆంఖ్ బంద్ కర్ రే, కాన్ సే దేఖ్," అనేవాడు ఆయన, కళ్లు మూసుకో, చెవితో చూడు అని. నోట్లో ఎప్పుడూ తమలపాకు, చెవిలో ఎప్పుడూ అత్తరు దూది. ఆ ఖాసిం సాబే చివరి రోజుల్లో స్క్రూడ్రైవరు పిడి చెవికి బదులు పళ్ల మధ్య పెట్టుకోవడం మొదలుపెట్టాడు. చెవి వినకపోయినా పళ్లలోంచి లోపలికి వినబడుతుందట. దవడలు బిగించి, కళ్లు మూసుకొని, చొంగ కారుతున్నా తెలియకుండా మోటారు మీదికి వంగిన ముసలాయన్ను చూసి దుకాణంలో అందరూ మొహాలు తిప్పుకొని నవ్వారు. సూగప్ప కూడా నవ్వాడు. గట్టిగానే నవ్వాడు. ఆయనకు వినబడదు గదా అని.

ఇప్పుడు ఆ నవ్వు తిరిగొచ్చింది. నెల కిందట రావ్ సాబ్ వాగుగట్టు షెడ్డులో మోటారు అరుస్తోందంటే వెళ్లి, స్క్రూడ్రైవరు పెట్టి విని, ఏం భయం లేదు, ఈ ఏడాదికి ఢోకా లేదన్నాడు. మూడో రోజుకు బేరింగు పట్టేసింది. నారుమడికి నీళ్లందక రావ్ సాబ్ రెండు రోజులు ఇంజను అద్దెకు తెచ్చి తోడుకోవాల్సి వచ్చింది. ఆయన ఒక్క మాట అనలేదు, గోదావరి జిల్లా నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చి ఈ చౌడు నేలను వరిమడులు చేసిన మనిషి, మాట తూలే రకం కాదు. అందుకే ఇవాళ గుమ్మంలో ఎదురొచ్చి అన్న మాట మరీ గుచ్చుకుంది. "ఎల్లుండి కాలవకు నీళ్లొదుల్తున్నారు సూగప్పా. మనవి ఆఖరి భూములు, ఎత్తిపోతలే గదా. ఆరు మోటార్లూ ఒకసారి చూపించాలి. సింధనూరులో మీటరు పెట్టి చూసే అతనున్నాడంట. పిలవనా, నువ్వేమంటావు?" పిలవండి అనలేకపోయాడు, వద్దు నేనున్నానని కూడా అనలేకపోయాడు. ముందు తేజప్ప పని చూద్దాం సాబ్ అని లోపలికొచ్చేశాడు. రావ్ సాబ్ మీటరు మనిషిని పిలిచిన సంగతి రేపటికి క్యాంపంతా తెలుస్తుంది, ఎల్లుండికి జవళగేర అంతా తెలుస్తుంది, సూగప్ప చెవులు పోయాయంట పాపం అంటారు. ఆ పాపం అనే మాట వినబడడానికి మాత్రం ఏ చెవిటితనమూ అడ్డం రాదు.

ఇంట్లో భార్య మారెవ్వ ఎప్పుడో తేల్చేసింది. "ఎన్నిసార్లు పిలవాలె నిన్ను? చెవులల్ల సీసం పోసుకున్నవా?" అంటుంది వంటింట్లోంచి, కుక్కరు కూత మీద, టీవీలో సీరియల్ ఏడుపు మీద. ముందు నవ్వేవాడు. ఈ నెల నుంచి నవ్వడం లేదు. ఆమె పొయ్యి దగ్గర ఉంటే తానూ వెళ్లి గడప మీద కూర్చుంటున్నాడు, పిలవకముందే అందుబాటులో ఉందామని. ఏంది, ఎన్నడు లేంది నా చుట్టు తిరుగుతున్నవు అని ఆమె మురిసిపోతోంది, అదో ఇబ్బంది. పొద్దున్నే లేవగానే చేతి గడియారం ఒక చెవి దగ్గర, తర్వాత రెండో చెవి దగ్గర పెట్టుకొని చూసుకుంటున్నాడు. వినబడుతుంది. కానీ వినబడుతుందని తెలిసి వింటున్నాం గదా, తెలియకపోతే వినబడేదా అని మళ్లీ అనుమానం. ఊరందరి మోటార్ల రోగాలు చెప్పేవాడు తన చెవుల రోగం చెప్పుకోలేక అవస్థ పడుతున్నాడు, డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయన అవునంటాడేమోనని భయం.

మూడో పాట మొదలైంది. నల్లటి నిశ్శబ్దం అన్నాడు గదా తేజప్ప, అదెక్కడుందోనని సూగప్ప వెతకసాగాడు. గొంతు వెనక వెతికాడు, తంబూర వెనక వెతికాడు. వెతుకుతుంటే రావ్ సాబ్ ముక్కులో సన్నగా ఈల వేస్తున్న ఊపిరి తగిలింది. గోడ మీద బల్లి పాకిన గరగర తగిలింది. భావన చెయ్యి మోకాలి మీంచి జారి గాజులు ఒకదానికొకటి తాకాయి. కాలువ మలుపు దగ్గర ఎవరిదో ట్రాక్టరు, సైలెన్సరుకు పగులున్నట్టుంది, ఎత్తుకు ఎక్కుతూ ఒక్క దెబ్బ మింగింది. మూసిన కిటికీ అవతల కుళాయి తాను సరిగ్గా కట్టేయలేదు కాబోలు, బకెట్లో చుక్క పడుతోంది. ఇన్ని వింటూ కూడా ఆ మనిషి తనకు చెవుల్లేవని కుమిలిపోతున్నాడు. ఒకటి వినాలని పట్టుబట్టి కూర్చున్నవాడికి మిగతా లోకమంతా వినబడినా లెక్కలోకి రాదు.

"మేస్త్రి గారూ," తేజ పాట మధ్యలోనే గొంతు తగ్గించి అడిగాడు, "మీ చెవి వేరు. మోటారు లోపల గుండు అరిగితే చెప్పేస్తారు మీరు. మాకు పైపైన తెలిసింది. అసలు తేడా ఎక్కడ కనపడుతోందో మీరు చెప్పండి, నేను గ్రూపులో రాస్తాను. కిందిస్థాయిలోనా, పైస్థాయిలోనా?"

ముగ్గురూ తన వైపే చూస్తున్నారు. రావ్ సాబ్ చూపులో ఎగతాళి లేదు, ఎదురుచూపు ఉంది, ఆరు మోటార్లు ఆ చూపులోనే ఉన్నాయి. పైస్థాయిలో అనేస్తే అయిపోతుంది. ఎవరు పట్టుకుంటారు? నోరు తెరిచాడు కూడా. కానీ ముప్పై ఏళ్లలో వినబడనిది వినబడిందని ఏ మోటారు ముందూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ పాటికి పది ఇళ్లు కట్టేవాడని మారెవ్వ అంటుంది.

"డబ్బా కాగుతున్నదేమో చూస్త తేజప్పా, ఆగు జర," అని లేచాడు. తప్పించుకోవడానికే లేచాడు, అందులో దాచేదేం లేదు.

బల్ల వెనక్కు వెళ్లి గొంతుకూర్చొని డబ్బా మీద అరచెయ్యి వేశాడు. చల్లగా ఉంది. చెయ్యి తీసి లుంగీకి తుడుచుకొని మళ్లీ వేశాడు. చల్లగానే ఉంది. పనిలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ అరగంటకు ఇంత చల్లగా ఉండదు, కోడిపెట్ట కడుపంత వెచ్చదనమైనా తగలాలి, వేళ్ల కింద సన్నగా అదరాలి. ఇది అదరడం లేదు. కాలిపోయిందా? మరి పాట ఎలా వస్తోంది? వస్తూనే ఉంది, పైన బల్ల మీద ఆ తల్లి నిక్షేపంగా పాడుతోంది. అప్పుడు చూశాడు హ్యాండిలును. కిందికుంది.

పంపుసెట్టు షెడ్డులో హ్యాండిలు పైకుంటే లైను, అంటే సర్కారు కరెంటు, అసలుది. కిందికి దించితే జనరేటరు, అసలుది లేనప్పటి అరువుది. ఈ కాలువ కింద ఏ షెడ్డుకు పోయినా అంతే, ఎవరూ రాసి పెట్టరు, కళ్లు మూసుకున్నా రైతు చేతికి తెలుసు. సూగప్ప చెయ్యి కూడా ఆలోచించకుండా అలాగే బిగించింది. అసలు సరుకు కొత్త డబ్బా గదా, దాని వైర్లు పైకి. అడాప్టరు వైర్లు కిందికి. చెప్పాలని కూడా తోచలేదు, సూర్యుడు ఏ దిక్కున పొడుస్తాడో ఎవరికి చెబుతాం? కానీ తేజ ఈ క్యాంపులో పుట్టినవాడే గానీ షెడ్డులో హ్యాండిలు పట్టినవాడు కాదు. అతనికి తెలిసింది ఇంట్లో గోడ మీది స్విచ్చి, కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది. హ్యాండిలు కిందికి లాగి కొత్త డబ్బా వెలిగిందనుకున్నాడు. అంటే ముందు పాటా అడాప్టరే పాడింది, తర్వాత మూడు పాటలూ అడాప్టరే పాడింది. తేడా ఎందుకు వినబడలేదంటే, లేదు కాబట్టి. ఒక్క తీరుగా వినబడిందంటే ఒక్క తీరుగా ఉంది కాబట్టి. గదిలో ఉన్న నాలుగు జతల చెవుల్లో ఉన్నదున్నట్టు విన్నది తన జత ఒక్కటే.

లేవాలనిపించలేదు. ఆ బల్ల వెనక, వైర్ల మధ్య, చల్లటి డబ్బా మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. నెల రోజులుగా పక్కటెముకల మీద ఎవరో కూర్చున్నట్టుండేది, లేచి వెళ్లిపోయారు. గాలి అడుగుదాకా పోతోంది. హాయిగా ఉంది, చెప్పలేనంత హాయిగా ఉంది, ఈ ఉక్కలో, ఈ చెమటలో, ఎవరూ చూడని ఈ మూల. గుర్తు రానివన్నీ గుర్తొస్తున్నాయి. వాగుగట్టు మోటారు. ఆ రోజు రాయచూరు బస్సుకు టైమైందని మారెవ్వ రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపుతోంది. మోటారుకు రెండు పక్కలా రెండు బేరింగులు. తాను ఒక పక్కే విన్నాడు. రెండో పక్క గోడకు దగ్గరగా ఉంది, వంగి దూరాలి, దూరలేదు, సరేలే అనుకున్నాడు. పట్టేసింది ఆ రెండో పక్కదే! వినలేకపోవడం కాదు, అసలు వినలేదు. భయం పట్టుకున్నాక తప్పు ఎక్కడ జరిగిందో వెతికే ఓపికే లేకపోయింది, నేరుగా చెవుల మీద పెట్టేసుకున్నాడు. తొందరపడ్డాడు, సిగ్గుపడాల్సిందే, కానీ తొందర మానుకోగలిగిన జబ్బు. మారెవ్వ పిలుపు? కుక్కరు కూస్తుంటే, టీవీ ఏడుస్తుంటే ఖాసిం సాబ్ పళ్లతో విన్నా వినబడదు. ఖాసిం సాబ్ గుర్తొచ్చి సూగప్పకు కళ్లు చెమర్చాయి. చివరి దాకా వినాలనే పట్టుబట్టాడు ఆ మహానుభావుడు, అబద్ధం చెప్పడం కన్నా పళ్లతో వినడం మేలనుకున్నాడు. దాన్ని చూసి నవ్వారు తాము. ఎప్పుడో ఒకనాడు తనకూ ఆ రోజు వస్తుంది, వస్తే రానీ, పళ్లు గట్టిగానే ఉన్నాయి.

నవ్వు ఆగలేదు. బల్ల వెనకనుంచే నవ్వాడు.

"ఏమైందండీ?" తేజ పాట ఆపేసి లేచాడు.

"గుస్సా కావొద్దు తేజప్పా. హ్యాండిలు కిందికున్నది."

"అవును, కొత్తదాని మీద పెట్టా."

"కిందికుంటే జనరేటరు గద."

తేజకు అర్థం కాలేదు. కానీ పడక్కుర్చీ కిర్రుమంది, చెన్నకేశవరావు లేచి కూర్చున్నాడు. "ఓరి నీ ఇల్లు బంగారం కానూ! పైకుంటేగా లైను! అంటే ఇందాకట్నుంచీ..."

"పాత అడాప్టరే పాడుతున్నది రావ్ సాబ్. కొత్తది సల్లగ పండుకొని ఉన్నది."

ముందు భావన నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, ఆ తర్వాత కొంగు కూడా వదిలేసి. "మరి నాకు ఊపిరి వినపడిందండీ, ఒట్టు!"

"ఊపిరున్నది తల్లీ. మొదటిపారిగూడ ఉండె. నేనిన్న."

"నా పక్కనొచ్చి కూర్చుందన్నానే ఆవిడ," అన్నాడు చెన్నకేశవరావు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "నయం, మీ అత్తయ్య ఇంట్లో లేదు."

సూగప్ప లేచి నిలబడి, ఇంకా నవ్వు ఆగని గొంతుతోనే చెప్పేశాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు. "నేను తల ఊపిన గద, అది అబద్ధం. నాకు ఏ ఫరక్ ఇనొస్తలేదు. చెవులు పోయినయనుకున్న సాబ్. నెల దినాలసంది గదే భయం. ఆనాడు మీ మోటరు ఒక్క దిక్కే ఇన్న, రెండో దిక్కు ఇనలే. బస్సుకు తొందరపడ్డ. తప్పు నాదే, చెవులది గాదు."

తేజ మొహం ఎర్రబడింది, పాపం అతని అవస్థ వేరు. ఒక్క నిమిషం హ్యాండిలు వైపు చూశాడు, తర్వాత తనే వంగి దాన్ని పైకి ఎత్తాడు. ఇప్పుడు నిజంగా కొత్త డబ్బా. మొదటి పాటే మళ్లీ పెట్టాడు. ఈసారి ఎవరూ కళ్లు మూసుకోలేదు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ విన్నారు. గొంతు, వయొలిన్, తంబూర, రెండో చరణం ముందు ఊపిరి. పాట అయ్యాక తేజ, "నాకైతే... ఒకేలా ఉంది," అన్నాడు. అని, కుర్చీలో మొదటిసారి వెనక్కు వాలాడు. "ఏడాదిగా ప్రతి పాటా పరీక్షలాగే వింటున్నానండీ. వైరు మారిస్తే తేడా వెతుక్కోవడం, డబ్బా మారిస్తే తేడా వెతుక్కోవడం. హమ్మయ్య. ఒకేలా ఉంది." భావన అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

అంతా సద్దుమణిగి, గదిలో ఎవరూ మాట్లాడని ఆ కాస్త ఎడంలో, సూగప్పకు ఏదో వినబడింది. గుయ్యిమని, సన్నగా, దారమంత. చెవిలోనా? ఇప్పుడు ఇది మొదలైందా? రెండడుగుల్లో బల్ల వెనక్కు వెళ్లి హ్యాండిలు మధ్యకు లాగాడు. ఆగిపోయింది. పైకి ఎత్తాడు. గుయ్యిమంది. మళ్లీ మధ్యకు, మళ్లీ పైకి. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మొన డబ్బాకు, పిడి చెవి దగ్గర ఎముకకు ఆనించుకొని కళ్లు మూసుకున్నాడు. లోపల ప్లేట్లు రెండో మూడో వదులుగా ఉన్నాయి, ఎడమ పక్క కింది బోల్టు దగ్గర. వార్నిష్ పూర్తిగా ఆరకముందే బిగిస్తే ఇంతే, ఆరేకొద్దీ సందు పడుతుంది. తన పనిలో తప్పు దొరికి ఇంత ఆనందపడ్డ మేస్త్రి ఆ రాయచూరు జిల్లాలో ఇంకొకడు ఉండడు.

"గుయ్యిమంటున్నది తేజప్పా! ప్లేట్లు లూజున్నయి! నా పనిల తప్పున్నది!" పెళ్లి కబురు చెప్పినట్టు చెప్పాడు.

"నాకేం వినపళ్లేదే," అన్నాడు తేజ. చెన్నకేశవరావు తల అడ్డంగా ఊపాడు. భావన వచ్చి స్క్రూడ్రైవరు అందుకొని, అతను చూపినట్టే పెట్టుకొని, కాసేపు ఊపిరి బిగబట్టి, "అయ్యో, ఉందండీ! తేనెటీగ ఉన్నట్టుంది లోపల!" అంది. తర్వాత తేజ విన్నాడు. చెన్నకేశవరావు కూడా మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి విన్నాడు, విని పిడి తుడిచి సూగప్పకు ఇచ్చేశాడు.

"నువ్వు ఆ స్టూలు దగ్గర్నుంచి విన్నావా దీన్ని?"

"ఆఁ సాబ్. స్టూలు కాడికెల్లే ఇన్న."

"పొద్దున్నే ఆరింటికి షెడ్డు దగ్గరికి వచ్చెయ్. ఆరు మోటార్లూ చూడు." గుమ్మం దాకా వెళ్లి వెనక్కు తిరిగాడు. "రెండు వైపులా విను."

సూగప్ప నవ్వి, సంచిలోంచి పానా తీసి డబ్బా ముందు చతికిలబడ్డాడు. ఎడమ పక్క కింది బోల్టు, పావు చుట్టు తిప్పితే చాలు, ఆ గుయ్యిమనడం ఆగిపోతుంది. పానా బోల్టుకు తగిలించాడు. తిప్పలేదు. తేజ ఫ్యాను వేద్దామని స్విచ్చి బోర్డు వైపు వెళ్తుంటే, సూగప్ప ఖాళీ చెయ్యి పైకెత్తి ఆపాడు.

"ఆగు తేజప్పా. జరసేపు ఇననీ."